మోసే పట్టీ

ఎక్కుడు 4118
మొదటి రోజు. వానల మెట్టు. ఎత్తు: నలభై మీటర్లు. గాలి: లేదు.
పైన: నేను. కింద: నమోదు కాలేదు.

సెలవులో కూడా ఈ పుస్తకం రాయాలా అని రజిత నవ్వింది. రాయాలి. తెరగాళ్లకు అది రూలు. పట్టీ కట్టుకుని నేల వదిలితే, అది స్తంభమైనా పిల్లలతో ఎక్కిన రంగులరాట్నమైనా, అదే రోజు పుస్తకంలో పడాలి. లేకపోతే లైసెన్సు తీసేస్తారు. పదిహేనేళ్లలో నేను ఒక్క ఎక్కుడు కూడా వదల్లేదు.

మా మూడో నీడ కాలనీ మీద కప్పిన తెరలు గాలికి చిరిగినప్పుడల్లా స్తంభం ఎక్కి కుట్టేవాణ్ని నేనే. తెర చిరిగితే ఆ కింద ఉన్న బడి, సంత, బావి అన్నీ గంటలో ఎండకు మాడిపోతాయి. అందుకని తెరగాడంటే కాలనీలో మర్యాద. ఈ పని ఒక్కడు చేసేది కాదు. పైన ఒకడు, కింద ఒకడు. పైవాడికి సన్న పట్టీ, కిందివాడికి వెడల్పు పట్టీ. పైవాడి భయమంతా పట్టీలోంచి కిందివాడికి దిగిపోతుంది, పైవాడి చెయ్యి వణకదు, కుట్టు సాఫీగా పడుతుంది. నా కింద మనిషి ఓదెలన్న. నేను దిగేసరికి చెమటతో తడిసి, స్తంభాన్ని కావలించుకుని కూర్చుని ఉండేవాడు. "ఎక్కింది నేనా, నువ్వానే అన్నా?" అని అందరం నవ్వేవాళ్లం. మూడు నెలల కింద పని మానేశాడు. చేతులు కుదురుగా ఉండటం లేదట.

ఆరేళ్లు కాచుకున్నాక ఇక్కడికి రావడానికి మా ఇంటికి వంతు వచ్చింది. పాత బొగ్గు గొయ్యిలో కట్టిన పార్కు ఇది. పేరు పెద్దదే కానీ అందరూ గుంత అనే అంటారు. నాలుగు రోజులు. రజిత, నేను, మా కిన్నెర, రజిత తమ్ముడు సంపత్. కిన్నెరకు పదకొండేళ్లు. జూన్‌లో తెరల బడిలో చేరుతుంది. ఐదేళ్ల వయసు నుంచీ అదే మాట. ఇంట్లో కుర్చీ ఎక్కితే కుర్చీ, బల్ల ఎక్కితే బల్ల, దిగి వచ్చి గోడ మీద సుద్దతో నాలాగే లెక్క రాసుకునేది.

గుంత గోడల్లో మెట్లు మెట్లుగా దిగుతుంది పార్కు. పై మెట్టు వానలది. గేటు దగ్గర మనిషి లేడు, పళ్లెంలో నాలుగు పట్టీలు పెట్టిన యంత్రం ఉంది. ఇక్కడా పట్టీలే. గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు, ఇంటిపెద్ద మోస్తాడు, ఇల్లంతా నవ్వుతుంది అని. అంటే ఇంటికి ఒక వెడల్పు పట్టీ, అది నాది కావాలి. స్తంభం పట్టీలు ఇంటికి తేనివ్వరు, ఏది మోసేదో మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

నేను చెయ్యి చాచి సన్నది తీసుకున్నాను. పదిహేనేళ్లుగా నా చెయ్యి సన్న పట్టీకే పోతుంది. రజిత ఒకటి తీసుకుంది, సంపత్ ఒకటి. చివర్న ఉన్న కిన్నెర మిగిలింది తీసుకుని "నాది పెద్దగున్నది" అని మురిసిపోయింది. యంత్రం "మోసేవాళ్లు సిద్ధమా?" అని అడిగింది. స్తంభం దగ్గర ఓదెలన్న రోజూ నన్ను "సిద్ధమా?" అనే అడిగేవాడు. నేను ఆలోచించకుండానే "సిద్ధం" అన్నాను. గేటు తెరుచుకుంది.

ఆమె చేతికి ఉన్నది వెడల్పుదని నేను చూశానా? లేదని రాయాలని ఉంది. చూశాననే అనుకుంటున్నాను. చూసి, పట్టించుకోలేదు.

వానల మెట్టు బ్రహ్మాండంగా ఉంది. నిజం వానే. జనం పుట్టినప్పటి నుంచీ చూడనిదాన్ని చూసినట్టు నోళ్లు తెరుచుకుని తిరుగుతున్నారు. కొందరు ఆడవాళ్లు సంచీలో దుప్పట్లు తెచ్చుకుని ఆ వానలో ఉతుక్కుంటున్నారు, కాపలా యంత్రం వచ్చినప్పుడల్లా కొంగు కింద దాచేస్తున్నారు. రజిత కూడా రెండు తలగడ గలీబులు ఉతికేసింది. తర్వాత మబ్బు ఊయల ఎక్కాం. నలుగురు కూర్చునే ఊయల, నలభై మీటర్లు లేచి ఉరుముతున్న మబ్బులోకి దూసుకుపోతుంది. నేను మబ్బులో లేచి నిలబడి చేతులు వదిలేశాను. చుట్టూ ఊయలల్లో వాళ్లు ఈలలు వేశారు. అదే క్షణంలో కిన్నెర కెవ్వుమంది. నేను ఇంకోసారి నిలబడ్డాను, ఇంకోసారి కెవ్వుమంది. దిగాక ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"ఏందే, తెరగాని బిడ్డవు, ఊయలకే గిట్లయితివి?" అన్నాడు సంపత్.

అందరం నవ్వాం. నేను కూడా.

సాయంత్రం గదికి వచ్చి వాళ్లు స్నానాలకు వెళ్లాక గోడ మీద లెక్క చూపే తెర వెలిగింది. ఈరోజు మోసినవారు: కిన్నెర. రజిత నుంచి పదకొండు పాళ్లు, సంపత్ నుంచి పద్దెనిమిది, సమ్మయ్య నుంచి డెబ్బై ఒకటి.

సమ్మయ్య అంటే నేను. నాలుగుసార్లు చదివాను. తర్వాత ఎవరూ చూడకుండా చెరిపేశాను. రేపు పొద్దున్నే పట్టీలు మారుస్తాను. ఇది పొరపాటు, పొరపాటు సరిదిద్దితే అయిపోతుంది. పుస్తకంలో 'కింద' అన్న చోట ఎప్పుడూ పేరు రాయకుండా వదల్లేదు. ఇవాళ నమోదు కాలేదు అని రాశాను.

ఎక్కుడు 4119
రెండో రోజు. సముద్రం మెట్టు. ఎత్తు: పన్నెండు మీటర్లు. గాలి: యంత్రం గాలి, ఓ మోస్తరు.
పైన: నేను. కింద: కిన్నెర.

రాసేశాను పేరు. ఇక మిగతాది కూడా రాయాలి.

పొద్దున ఏదో సాకు చెప్పి కిన్నెర పట్టీ నేను తీసుకుని నాది ఆమెకు కట్టాను. నీళ్ల సీసాలు నింపుకుని రెండో మెట్టుకు దిగాం. అక్కడ సముద్రం ఉంది. నావ ఎక్కితే అల మీద పన్నెండు మీటర్లు లేపి దించుతుంది. పన్నెండు మీటర్లు నాకొక ఎత్తా? మా కాలనీలో బట్టలారేసే తీగ కోసం ఎక్కే ఎత్తది.

నావ లేచింది. నాకు ఏమైందో మొదట అర్థం కాలేదు. అన్నం అరగలేదేమో అనుకున్నాను. వేళ్లు రెయిలింగును పట్టుకుని వదలనన్నాయి. పక్కన రజిత, సంపత్, కిన్నెర ముగ్గురూ పకపకా నవ్వుతున్నారు. వాళ్ల భయం కూడా నాకే వస్తోంది కానీ అది ఇంతే, పప్పులో ఉప్పంత. మిగిలిందంతా నాదే. పదిహేనేళ్లుగా పంపించేసిన భయం కదా, అది ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. నలభై మూడేళ్లవాణ్ని, ఎత్తంటే మొదటిసారి భయపడ్డాను. అమ్మా అని అరవబోయి నాలుక కొరుక్కున్నాను.

నావ ఆగగానే మరుగుదొడ్డికి పరిగెత్తాను. తలుపు వేసుకుని నేల మీద కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. బయట నుంచి సంపత్ "బావా, సముద్రం గట్ల తాగినవా?" అని నవ్వుతున్నాడు. ఏడుస్తున్నట్టు వినపడకూడదని కుళాయి తిప్పాను. గుంతలో నీళ్లు వృథా చేస్తే జరిమానా. అయినా తిప్పాను.

బయటికి వచ్చాక భోజనాల దగ్గర చెయ్యి రుద్దుకుంటూ అన్నాను. "బిడ్డా, దీని కొక్కెం నాకు గుచ్చుకుంటున్నది. నువ్వే పెట్టుకో."

"నాకు మంచిగనే ఉంటది బాపు, ఇయ్యి" అని చెయ్యి చాచింది కిన్నెర.

నా చేత్తో నేనే కట్టాను. కొక్కెం పడిందో లేదో గట్టిగా లాగి కూడా చూశాను. పని అలవాటు.

మధ్యాహ్నం నేను నావ ముందుకొసన నిలబడి పాటలు పాడాను. కిన్నెర రజిత ఒళ్లో తల దూర్చి కళ్లు మూసుకుని ఉంది. దాని ముఖం చూడలేక నేను సముద్రం వైపు చూస్తూ ఇంకా గట్టిగా పాడాను.

సాయంత్రం తెర మీద సమ్మయ్య నుంచి ఎనభై నాలుగు అని వచ్చింది. చెరిపేశాను. నిన్నటిది పొరపాటు. ఇవాళ్టిది కాదు. నాకు తెలిసే నా భయాన్ని నా కూతురి చేతికి కట్టాను.

ఎక్కుడు 4120
మూడో రోజు. రద్దీ మెట్టు. ఎత్తు: ఇరవై మీటర్లు. గాలి: లేదు, పొగ వాసన.
పైన: నేను. కింద: కిన్నెర.

పొద్దున కిన్నెర ఇడ్లీ ముట్టలేదు. రజిత బుజ్జగించి ఒకటి తినిపించబోతే వాంతి చేసుకుంది. గదిలో ఉండిపోతానంది. "ఆరేళ్లకు వంతొచ్చె, గదిల పంటవా?" అన్నది ఎవరో కాదు, నేనే. ఆమె గదిలో ఉండిపోతే పట్టీ ఎవరు పెట్టుకోవాలి? ఆ ఆలోచన వచ్చాకే ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. రెండూ ఏ వరుసలో వచ్చాయో నాకు బాగా తెలుసు.

రద్దీ మెట్టులో పాతకాలపు నగరం కూడలి కట్టారు. ఆటోలు, బస్సులు, హారన్లు, పొగ, ఒకరి మీద ఒకరు అరిచే మనుషులు. ఇంత జనం ఒకేచోట ఎండలో నిలబడి బతికారంటే నమ్మబుద్ధి కాదు. నలుగురు పట్టే ఆటో ఎక్కితే అది బస్సుల సందుల్లోంచి జానెడు ఎడంతో దూసుకుపోయి, వంతెన ఎక్కి, మధ్యలో తెగిపోయిన చోట గాలిలోకి ఎగిరి అవతల పడుతుంది. ముసలివాళ్లు కూడా ఎక్కి నవ్వుతూ దిగుతున్నారు.

వంతెన మీద కిన్నెర నా చొక్కా పట్టుకుంది. "బాపు, దించుమను. ఒక్కసారి దించుమను."

"గిదేముంది బిడ్డా, కండ్లు తెరిచి చూడు" అన్నాను. హాయిగా, చల్లగా అన్నాను. నా లోపల ఏమీ లేదు మరి. ఉన్నదంతా ఆ పిల్ల లోపల ఉంది. ఆటో ఎగిరింది. ఆమె అరవలేదు. అరిచే ఓపిక కూడా పోయింది. అవతల దిగాక చూస్తే లంగా తడిసిపోయి ఉంది.

రజిత చున్నీ తీసి చుట్టింది. సంపత్ నోరు ఊరుకోదు కదా. "పోనీ తీ. తెరల బడిల పిల్లలకు ఈమె కింద కూసోని కథలు చెప్తది." నేను గట్టిగా ఆపి ఉండాల్సింది. "మా వంశంల ఎవ్వరికి రాలే ఈ పిరికితనం, ఎక్కడిదో" అన్నాను. చుట్టూ వరుసలో నిలబడ్డ వాళ్లు నవ్వారు. ఆ నవ్వులో నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది, నేను పిరికివాణ్ని కానని పదిమందికీ తెలిసినందుకు. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది.

మధ్యాహ్నం గదిలో కిన్నెర గోడ వైపు తిరిగి పడుకుంది. నేను మంచం మీద కూర్చున్నాను.

"బాపు, నేను తెరల బడికి పోను."

"ఎందుకే?"

"నువ్వు నా భయం మొత్తం తీసుకున్నంక గూడ నాకు గింత మిగుల్తున్నది. మరి నా లోపల మొత్తం ఎంతున్నదో! నేను ఎక్కితే సచ్చిపోత. నన్ను బడిల రాయకు."

ఆమె నేనే మోస్తున్నాననుకుంటోంది. గోడ మీద రాసింది కదా, ఇంటిపెద్ద మోస్తాడని. అప్పుడే చెప్పేయొచ్చు. బిడ్డా, అది నీది కాదు, నాది అని నాలుగు మాటలు. చెప్పలేదు. దుప్పటి సరిచేసి బయటికి వచ్చేశాను.

వరండాలో నిలబడి ఓదెలన్నకు ఫోన్ చేశాను. పని మానేశాక ఒక్కసారి కూడా చెయ్యలేదు. ఎందుకు చేశావంటే ఏం చెప్పాలో తెలియక తిన్నావా, పడుకున్నావా అని అడిగాను.

"చేతులు వణుకుతున్నయి గానీ బాగనే ఉన్న. నువ్వు గుంతకు పోయినవంట గద" అన్నాడు.

"అన్నా, నేను పైనున్నప్పుడు నీకు ఎట్లుండె?"

ఆయన తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

"పదిహేనేండ్లకు అడిగినవ్ తమ్మీ" అన్నాడు. "నీ భయం మస్తు పెద్దది. ఎందరికో మోసిన గని నీ అంతది చూడలె. ప్రాణం పోతున్నట్టే ఉండె. కానీ అది నీదని నాకెరుక. ఇది సమ్మన్నది, నాది కాదు, వాడు దిగితే పోతది అనుకుంట పట్టుకొని కూసుందును. గట్ల మోసిన."

"ఎరుక లేకపోతే?"

"ఎరుక లేకుంటే ఇంకేముంది, అది నాదే అనుకుందును. పిచ్చోన్నయిపోదును." మళ్లీ తనే అన్నాడు. "మోసుడు బరువు కాలె. నువ్వు దిగంగనే నవ్వితివి చూడు, అదే బరువైంది. ఏమైంది, ఎందుకు అడుగుతున్నవ్?"

ఏమీ లేదన్నాను. అబద్ధం. ఆయన కూడా అడగలేదు మళ్లీ. క్షమించమని అడగాలని గొంతు దాకా వచ్చింది, అదీ ఫోన్లో అడగడానికి సిగ్గేసింది. ఇంటికి వెళ్లి ఎదురుగా కూర్చుని అడుగుతాను.

తెర మీద ఇవాళ సమ్మయ్య నుంచి తొంభై. చెరపలేదు. కానీ రజిత వచ్చేసరికి అది దానంతటదే ఆరిపోయింది.

ఎక్కుడు 4121
నాలుగో రోజు. బుట్ట. లోతు: నూట ఎనభై మీటర్లు. గాలి: గట్టిగా.
పైన: కిన్నెర, తర్వాత నేను. కింద: ఎవరూ లేరు.

బుట్ట కోసమే జనం ఈ గుంతకు వస్తారు. ఒకప్పుడు పనివాళ్లను గనిలోకి దించినటువంటి ఇనప బుట్ట, గొయ్యి అంచు నుంచి అడుగుదాకా తాడు వదిలేసినట్టు పడుతుంది, అడుగు ఇంకా మూడు మీటర్లు ఉందనగా ఆగి మళ్లీ పైకొస్తుంది. వరుస పొడుగ్గా ఉంది. సంపత్ ఉత్సాహంగా ముందుకు తోసుకుపోతున్నాడు. కిన్నెర రజిత చెయ్యి పట్టుకుని నేల చూస్తూ నడుస్తోంది. గదిలో ఉంటానని కూడా అనలేదు ఈసారి. నిన్న నేనన్న మాట తర్వాత అనే ధైర్యం ఎక్కడిది?

వరుస మధ్యలో నేను ఆగిపోయాను. వెనక వాళ్లు నెట్టారు. "జరగయ్యా" అన్నారు. నేను జరగలేదు.

"రజితా, ఆగు. చెప్పాలె."

ఎండ తగలకుండా కట్టిన రేకుల కింద, ముందూ వెనకా పాతిక మంది ఉండగా చెప్పాను. గేటు దగ్గర నేను సన్నది తీసుకున్నానని. మొదటి రోజు సాయంత్రమే నాకు తెలిసిందని. రెండో రోజు నేను కట్టుకుని నావలో భయపడి, మరుగుదొడ్డిలో ఏడ్చి, మళ్లీ దాని చేతికే కట్టానని. కొక్కెం గుచ్చుకోలేదని. చెబుతుంటే నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. తల ఎత్తలేకపోయాను. నా చెప్పులు, రజిత చెప్పులు, కిన్నెర తెల్ల బూట్లు చూస్తూ మొత్తం చెప్పాను.

వెనకాయన ఎవరో "అయ్యయ్యో" అన్నాడు.

రజిత చాలా నెమ్మదిగా అడిగింది. "పిల్ల రెండు రోజుల నుంచి బువ్వ తింటలేదు. నీ ముంగటనే గద కక్కింది?"

"అవును."

"చూసినవ్?"

"చూసిన."

రజిత తన పట్టీ విప్పి నా చేతిలో పెట్టి ముఖం తిప్పుకుంది. కొట్టి ఉంటే బాగుండేది.

కిన్నెర నన్నే చూస్తోంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేతికి ఉన్న వెడల్పు పట్టీని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"అయితే గదంతా నీదా?"

"నాదే బిడ్డా. తొంభై పాళ్లు నాదే."

"మరి నాదెంత?"

"మోసేటోళ్లది గదిల తెర మీద రాదు. నీదెంతో నాకు తెల్వదు."

ఆమె ఆలోచించింది. తర్వాత వెడల్పు పట్టీ విప్పేసింది. మణికట్టు మీద ఎర్రగా దద్దు తేలి ఉంది. రెండు రాత్రులూ అది తీయకుండా నిద్రపోయిందట, నేను ఇచ్చిన వస్తువు పోగొట్టుకుంటుందేమో అని. ఆ మాట రజిత తర్వాత చెప్పింది. అది వినకపోయి ఉంటే బాగుండేది అనుకున్నాను, అలా అనుకున్నందుకు మళ్లీ సిగ్గుపడ్డాను.

"నేను ఒక్కదాన్నే ఎక్కుత" అంది కిన్నెర.

"నేను మోస్త బిడ్డా. ఈసారి నిజంగ మోస్త. ఇటియ్యి" అని వెడల్పు పట్టీ నా చేతికి కట్టుకున్నాను. నా సన్న పట్టీ తీసి ఆమె చేతిలో పెట్టాను. రెండు చేతులతో పెట్టాను. ఆమె పిడికిట్లో పట్టుకుని ఏమీ అనకుండా బుట్ట ఎక్కింది. తలుపు పడింది.

నేను అంచు దగ్గర కూర్చున్నాను. ఓదెలన్న ఎలా కూర్చునేవాడో అలాగే, ఒక కమ్మీని కావలించుకుని. రానీ, ఎంతైనా రానీ, ప్రాణం పోయినా వదలను అనుకున్నాను. నిజం చెప్పాలంటే రావాలని కోరుకున్నాను. అది వస్తే నా చెల్లింపు మొదలైనట్టు ఉంటుంది. కమ్మీ మీద నుంచి కింద లోతు కనపడి నా కాళ్లు చల్లబడ్డాయి, అది నాది. దానికి తోడు ఇంకోటి రావాలి.

బుట్ట పడింది. జనం హో అన్నారు. పట్టీ అలాగే ఉంది. ఏమీ రాలేదు. ఒక్క పాలు కూడా రాలేదు. నా కూతురికి భయమే లేదనుకున్నాను. ఎంత సంతోషమేసిందో. లేచి నిలబడి సంపత్ భుజం పట్టుకుని "చూసినవా, చూసినవా" అని ఊపేశాను.

బుట్ట పైకొచ్చింది. తలుపు తీశారు. కిన్నెర తెల్లగా పాలిపోయి ఉంది. కన్నీళ్లు గాలికి చెవుల దాకా పారి ఎండిపోయాయి. భయపడని మనిషి ముఖం కాదది. ఆమె పిడికిలి విప్పింది. నేనిచ్చిన సన్న పట్టీ అందులోనే ఉంది, మడత కూడా విప్పలేదు.

"పెట్టుకోలేదా బిడ్డా?"

"లేదు."

"ఎందుకు? నేను ఉన్న గద?"

ఆమె నాకేసి చూసింది. కోపం లేదు. పెద్దవాళ్లు ఒక్కోసారి చూసినట్టు చూసింది.

"నీకు ఇయ్యబుద్ధి కాలె బాపు."

పట్టీ నా అరచేతిలో పెట్టింది.

"భయమైంది" అని రజితకు చెప్పింది. "మస్తు భయమైంది. కానీ నిన్నటి లెక్క కాదు. నిన్నటిది ఎక్కడి నుంచి వస్తున్నదో తెల్వకపోతుండె. ఇది తెలుస్తున్నది. బుట్ట పడితే వచ్చింది, ఆగంగనే సగం పోయింది. బడిల అడుగుత, కింద మనిషి లేకుండ ఎక్కనిస్తరా అని. అమ్మా, మల్ల ఎక్కనా?"

అమ్మను అడిగింది. రజిత తల ఊపింది. ఇద్దరూ వరుస చివరికి నడిచారు.

నేను వెడల్పు పట్టీ విప్పి యంత్రం పళ్లెంలో పడేశాను. సన్నవి రెండూ కూడా. చేతులకు ఏమీ లేకుండా వెళ్లి వాళ్ల వెనకాల నిలబడ్డాను. పట్టీ లేకుండా ఎక్కడానికి అడ్డు లేదు, ఎవరూ ఎక్కరు అంతే. వరుస ఒక్కో అడుగూ జరుగుతోంది. మా ముందు పద్నాలుగు మంది, తర్వాత పది మంది. నా చొక్కా వీపంతా తడిసింది. పళ్లు టకటకలాడుతుంటే పెదాలు బిగించాను, అయినా ఆ చప్పుడు ఆగలేదు. చుట్టుపక్కల వాళ్లు నన్ను చూసి మోచేతులతో పొడుచుకుంటున్నారు. నా సంగతి ఈపాటికి వరుసంతా పాకింది కదా.

కిన్నెర వెనక్కి తిరిగింది. నా చేతులు చూసింది, కాళ్లు చూసింది. పక్కన పళ్లికిలించబోతున్న సంపత్ చేతి మీద ఒక్కటి వేసింది.

"భయమైతే చెప్పు బాపు" అంది. "వరుసల నుంచి పక్కకు పోవచ్చు. మేమెవ్వరం నవ్వం."